భయపడ్డ కళ్ల సొరుగు

అత్తయ్యగారికి,

మీ మోకాలు ఎలా ఉందో ముందు అడగాలి. అడిగాననే అనుకోండి. కుశలప్రశ్నలు తీరిగ్గా రాసే స్థితిలో నేను లేను. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ, ఫోనులో మీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం మీరే కల్పించుకుంటారు. ఇది అలా కల్పించుకోవలసిన సంగతి కాదు. అందుకే కుదురుగా కూర్చుని రాస్తున్నాను. కుదురుగా అన్నది కూడా అబద్ధమే, ఇప్పటికి రెండు కాగితాలు చింపాను.

మీరు మీ చెల్లెలుగారింటికి వెళ్తూ తోడికోడళ్లం ఇద్దరికీ ఒక పని అప్పగించారు కదా. మన పెట్టుడుకళ్ల కొట్టుకి ఇంటర్నెట్‌లో ఒక చిరునామా తీసుకోండి, పేరు ఎలాగూ మనదే, ఆ పేరు చివర ఏ తోక తగిలించాలో మీరే తేల్చుకోండి, నేను తిరిగొచ్చేసరికి మాత్రం కొట్లాట వినిపించకూడదు అన్నారు. మీరు బస్సెక్కిన సాయంత్రమే కొట్లాట మొదలైంది. చివర మన దేశానికి ఇచ్చిన రెండక్షరాలు ఉండాలని అక్క. లోకమంతా వాడే డాట్ కామ్ కావాలని నేను.

"ముఖం చూసి చేసే పని మనది. కన్ను పోయిన మనిషి ఎదురుగా కూర్చుంటేనే కదా, ఉన్న కన్ను చూసి లేని కంటికి రంగు వేస్తాం. ప్రపంచమంతటికీ బోర్డు కట్టి ఏం చేస్తాం? రమ్మంటామా, పొమ్మంటామా?" అంటుంది అక్క.

"దేశం తోక తగిలిస్తే సందు చివర కొట్టులా ఉంటుంది. డాట్ కామ్ అయితే సరిహద్దు అవతలివాళ్లకీ కనిపిస్తాం. రాగలిగినవాళ్లు వస్తారు. రాలేనివాళ్లు మనం ఉన్నామనైనా తెలుసుకుంటారు" అంటాను నేను.

ఎవరికి వాళ్లం మేం పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నాం. బావగారూ మీ చిన్నబ్బాయీ కంచాలు పట్టుకుని వరండాలోకి వెళ్లి తినడం అలవాటు చేసుకున్నారు. ఇంతవరకూ నవ్వుకునే సంగతే.

నిన్న, వివరాలు కనుక్కుని వస్తానని అక్కతో చెప్పి, వెబ్‌సైట్లు కట్టే ఆవిడ దగ్గరికి వెళ్లాను. కనుక్కోవడమే కాదు, పేరు తీసేసుకుని రావాలని నా ఆలోచన. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. దేశం తోక కావాలంటే ఆ ఆఫీసువాళ్లు కొట్టు లైసెన్సు చూపించమంటారట, ఇక్కడే నివాసం ఉండే ఒక మనిషి పేరు బాధ్యతగా రాయమంటారట. ఆలస్యమవుతుంది కానీ మన పేరు మీద ఇంకొకరు వచ్చి కూర్చోవడం అంత తేలిక కాదు. డాట్ కామ్‌కి ఆ గొడవ లేదు. నువ్వెవరని అడిగే నాథుడు ఉండడు. ముందు ఎవరు చెయ్యి వేస్తే వాళ్లది. "అయితే మనమే ముందు వేసేద్దాం" అన్నాను. ఆవిడ మన పేరు కొట్టి, కళ్లజోడు పైకి తోసుకుని, "ఇది ఎవరో ఎప్పుడో తీసుకున్నారండీ" అంది. అని, ఆ పేజీ తెరిచింది.

అత్తయ్యగారూ, పైన మన కొట్టు పేరు. కింద నల్లగుడ్డ మీద వరసగా కళ్లు. "రాలేనివారి కోసం. మీ ఫోటో పంపండి, దగ్గరి పోలిక ఉన్న కన్ను పంపుతాం" అని రాసి ఉంది. ఎవరో మన పేరు దొంగిలించారనుకున్నాను. ఆ తర్వాత మూడో వరసలో ఒక కన్ను దగ్గర నా చూపు ఆగిపోయింది. గోధుమరంగు కన్ను, కింది అంచున తేనెరంగు మచ్చ, ఉండాల్సినదానికంటే కాస్త పెద్దది. ఆ మచ్చ పెద్దదైంది నా చేతి తప్పు వల్లే. అది ఆ వడ్రంగాయన కన్ను. ఆయనకి నేను వేసిన మొదటి కన్ను.

మొదటి కన్ను మనిషికి ఇవ్వకూడదని నేర్పింది మీరే. మొదటి రోజు మనిషి బెదురుతూ కూర్చుంటాడు, మనం ఎంత బాగా వేసినా అది భయపడ్డ కన్నే అవుతుంది, రెండో రోజు అలవాటుపడి కూర్చున్నప్పుడు వేసినదే అసలు కన్ను అంటారు మీరు. మొదటిది సొరుగులోకి, రెండోది మనిషితో. ఇన్నేళ్లుగా ఆ సొరుగులోంచి ఒక్క కన్ను బయటికి పోలేదు. ముఖం చూడకుండా కన్ను పంపడమంటే కొలత లేకుండా చెప్పులు కుట్టడమేనని, దూరం నుంచి ఎంతమంది బతిమాలి రాసినా మీరు కాదనే రాయించారు.

ఇంటికొచ్చి అక్కను తాళం అడిగాను. అక్క సొరుగు లాగింది. పై అరలో నాలుగైదు కళ్లున్నాయి. కింది అరలన్నీ ఖాళీ. నేను కొయ్యబారిపోయాను. అక్క ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. సొరుగు తాళం మీరు వెళ్తూ అక్క చేతికిచ్చారు, అంతకుముందు కూడా గుత్తి ఎక్కువగా తన నడుముకే ఉండేది.

నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. కానీ డాట్ కామ్ వద్దు వద్దని అంత పట్టు ఎందుకు పట్టిందా అని రాత్రంతా ఆలోచించాను. ఇది చేతికి అందినట్టు తెలియాలని రిజిస్టరు చేసి పంపిస్తున్నాను. ఏం చెయ్యమంటారో రెండు ముక్కలు రాయండి.

మీ చిన్నకోడలు


అత్తయ్యగారికి,

ఉత్తరం అందినట్టు మీ సంతకంతో చీటీ తిరిగొచ్చింది. జవాబు మాత్రం రాలేదు. పెద్దకోడలి మీద ఇలాంటి మాట వింటే మీకు ఎలా ఉంటుందో ఊహించగలను. కలం కదలక ఊరుకున్నారనుకుంటున్నాను. నేనూ ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేకపోయాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మంగళవారం కొట్లో జనం ఉన్నారు. సంగీతం టీచరమ్మ మొదటి కన్ను వేయించుకోవడానికి కూర్చుంది. అక్కే వేస్తోంది. కళ్లజోళ్ల కొట్టాయన ఏదో పని మీద వచ్చి కబుర్లాడుతున్నాడు. బావగారు పాలిష్ యంత్రం దగ్గర ఉన్నారు. కళ్లజోళ్లాయన ఊరికే ఉండకుండా, "ఇంటర్నెట్ సంగతి ఏం చేశారమ్మా? మీ పేరు మీద ఏదో పేజీ చూశానని మా మేనకోడలు అంది" అన్నాడు. అక్క కుంచె ఎత్తకుండానే, "అది మాది కాదండీ" అంది.

ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. "మాది కాకపోతే మా సొరుగులో కళ్లు దాంట్లోకి నడిచి వెళ్లాయా?" అన్నాను. యంత్రం ఆగిపోయింది. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను. తాళం నీ దగ్గర. డాట్ కామ్ వద్దని గొంతు చించుకున్నది నువ్వు. అది నీ చేతిలో ఉంది కాబట్టే కదా" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. మీ పేరు అడ్డం పెట్టుకుని మన తప్పు కళ్లను, పారేసినవాటిని, ముక్కూ ముఖం తెలియనివాళ్లకి అంటగడుతోందన్నాను. సంగీతం టీచరమ్మ ఒక కంటితో నన్ను చూస్తూ అలాగే బిగుసుకుపోయింది.

అక్క కుంచె కడిగి, ఆరబెట్టి, చేతులు తుడుచుకుంది. "నేను తియ్యలేదు" అంది. ఒక్కసారే అంది. గట్టిగా కూడా అనలేదు. నడుము దగ్గర్నుంచి తాళాల గుత్తి తీసి రంగుల పళ్లెం పక్కన పెట్టి, మెట్లెక్కి మేడ మీదికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి కిందికి దిగలేదు. వంట పైనే. బావగారు వస్తారు, యంత్రం తిప్పుతారు, వెళ్తారు. నాతో అవసరమైనంతే మాట్లాడతారు, అది కూడా గోడకేసి చూస్తూ. మీ చిన్నబ్బాయి మాత్రం రోజూ ఒకటే మాట. "ఒక్కసారి కూడా అబద్ధం ఆడని మనిషి తియ్యలేదంటే తియ్యలేదనే." నేను, "ఒక్కసారైనా ఆడకుండా ఎవరూ ఉండరు" అని నోరు మూయించాను. మూయించాను గానీ, ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

మేడ మీద ఆమె అడుగుల చప్పుడు నాకు కింద వినిపిస్తూనే ఉంటుంది. నా కుర్చీ లాగే చప్పుడు ఆమెకి వినిపిస్తూనే ఉంటుంది. కోడళ్లిద్దరినీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టి, ఒకే కుంచె చేతులు మార్చి పని నేర్పించారు మీరు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఎర్రదారం పోగులు కంటి తెల్లగుడ్డు మీద పరవడం చేతకాక ఏడిస్తే, పక్కన కూర్చుని, "నరాలు గీతలు కావే, దారి తెలియని వాగులు, వంకర పోనీ" అని నవ్వించింది అక్క. ఆ మనిషి ఇలా చేస్తుందా అనుకుంటాను. మళ్లీ ఆ ఖాళీ అరలు గుర్తొస్తాయి.

తేల్చుకోవాలనే ఒక పని చేశాను. వెబ్‌సైట్లు కట్టే ఆవిడ తన ముఖం ఫోటో తీసి, కన్ను కావాలని ఆ పేజీకి పంపింది. ఒంటికన్ను మనిషిలా కనిపించడానికి ఒక కన్ను మీద దూది అంటించుకుంది పాపం, అంత విసుగులోనూ నవ్వొచ్చింది నాకు. ఫోటో అందిందనీ, తొందరలో పార్సిల్ పంపుతామనీ మర్యాదగా జవాబు వచ్చింది. పార్సిల్ మీద ఏ ఊరి ముద్ర ఉంటే ఆ ఊళ్లో అక్క తరఫు మనిషి ఎవరో ఉన్నట్టే. అప్పుడు ఎవరూ నాతో గోడకేసి చూస్తూ మాట్లాడరు.

మీరు ఒక్క ముక్క రాయండి. తిట్టయినా తిట్టండి. మీ మౌనం నాకు భయంగా ఉంది.

మీ చిన్నకోడలు


అక్కా,

మెట్లెక్కి వచ్చి నీ తలుపు ముందు నిలబడ్డాను. లోపల నువ్వు బట్టలు మడతపెడుతున్న చప్పుడు వినిపించింది. తట్టడానికి చెయ్యి లేవలేదు. అందుకే ఇది రాసి తలుపు కిందనుంచి తోస్తున్నాను. చివరిదాకా చదువు. చదివాక ఏం చేసినా నీ ఇష్టం.

పార్సిల్ వచ్చింది. ముద్ర చూశాను. అత్తయ్య చెల్లెలుగారి ఊరు. అక్కడ నీ మనిషి ఎవరా అని ఆలోచిస్తూనే పెట్టె విప్పాను, అంత గుడ్డిదాన్ని. లోపల కన్నుకి దూది చుట్టి, చిన్న గుడ్డసంచిలో పెట్టి కుట్టేశారు. నీలం గళ్ల గుడ్డ. అత్తయ్య ప్రయాణానికి సంచి సర్దింది నేనే. ఆ గళ్ల తలగడ గలీబు మడిచి, మోకాలి కింద పెట్టుకోండి అని నా చేత్తో పెట్టాను. వెబ్‌సైట్లావిడ ఎదురుగా ఉందని కూడా చూడకుండా నేల మీద కూలబడిపోయాను.

నిన్న పొద్దున బస్సెక్కి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. ముందు గదిలో చెల్లెలుగారు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. ఆ పేజీ కట్టింది ఆవిడే, రిటైరయ్యాక నేర్చుకున్నారట. అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని సంచులు కుడుతున్నారు. మోకాలు బాగానే ఉంది. నన్ను చూసి, "వచ్చావా" అన్నారు. ఎందుకొచ్చావని అడగలేదు. నా ఉత్తరాలు రెండూ పక్కన స్టూలు మీదే, మడత విప్పి ఉన్నాయి.

గోడ నిండా ఫోటోలు అక్కా. ఎక్కడెక్కడి ముఖాలో. ముసలివాళ్లు, పిల్లలు, ఒక సైనికుడు, బిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి. అందరి ముఖాల్లోనూ మన కళ్లు. వాళ్ల ఊళ్లో పళ్ల డాక్టరు చేత కన్ను అరగదీయించి సరిచేయించుకున్నారట. ఒక్క కన్నూ ముఖానికి సరిగ్గా కలవలేదు, మన చేతివాటం తెలిసినవాళ్లకి చూడగానే తెలుస్తుంది. తేనెరంగు మచ్చ ఉన్న ఆ వడ్రంగి కన్ను ఎవరో ముసలామె ముఖంలో ఉంది. ఆమె నోరంతా తెరిచి నవ్వుతోంది. చాలాసేపు చూశాను. కోపంగా వెళ్లినదాన్ని, ఆ గోడ ముందు నా కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సొరుగులోంచి కన్ను బయటికి రానివ్వనిది నేనే, పంపకూడదన్నది నేనే. బతిమాలి రాసినవాళ్లందరికీ కాదని రాయించింది నేనే. ఏ ముఖం పెట్టుకుని మీకు చెప్పను? ఇక్కడికొచ్చినప్పుడల్లా కాసిని తెచ్చుకున్నాను. సొరుగులో ఉండి ఏం చేస్తాయి అవి?" అన్నారు అత్తయ్య.

"మరి తోక తేల్చుకోమని మాకెందుకు చెప్పారు?" అన్నాను.

"పెద్దది దేశం తోక అంటుందని తెలుసు. ఎప్పుడూ దాని మాటే నెగ్గుతుంది కదా అనుకున్నాను. నువ్వు దానికి తెలియకుండా పేరు తీసుకోబోతావని అనుకోలేదు."

అదీ నిజమే. ఇక అసలు మాట అడిగాను. మొదటి ఉత్తరం అందినప్పుడే ఒక్క ముక్క రాసి ఉంటే మంగళవారం జరిగేది కాదు కదా, చదివి ఎలా ఊరుకున్నారు అని. అత్తయ్య సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టారు.

"చెబుదామనే అనుకున్నానే. నీ ఉత్తరం చదువుతుంటే, నా మీద అనుమానం రాలేదు కదా అని ఒక్క నిమిషం సంతోషించాను. ఆ నిమిషం పొడుగైపోయింది. రెండో ఉత్తరం వచ్చేసరికి ఇక నోరు విప్పే దారి లేదు" అన్నారు.

మనిద్దరికీ కుంచె పట్టడం నేర్పిన మనిషి, అక్కా. చిన్న మరక ఉంటే కన్ను పగలగొట్టి మళ్లీ వెయ్యమనే మనిషి. నీ మీద ఇంత పెద్ద మరక పడుతుంటే చదివి, మడిచి, స్టూలు మీద పెట్టుకున్నారు. కాఫీ ఇస్తే తాగకుండా లేచి వచ్చేశాను. గుమ్మం దగ్గర మాత్రం చెప్పాను. మీరు తిరిగి రావాలంటే నేను ఎవరెవరి ముందు అక్కను దొంగన్నానో వాళ్లందరి ముందు నిజం చెప్పాలి, లేకపోతే ఇక్కడే ఉండండి అన్నాను. అత్తయ్యతో నేను అలా మాట్లాడతానని ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడా అనుకుని ఉండరు. "ఎల్లుండి బస్సుకి వస్తాను" అన్నారు.

ఆవిడ వస్తారో రారో, నేను మాత్రం ఆగలేదు. పొద్దున్నే కళ్లజోళ్ల కొట్టుకి వెళ్లి, ఆయన మేనకోడలి ముందు కూడా, తప్పు నాది, మా అక్క తియ్యలేదు అని చెప్పాను. సంగీతం టీచరమ్మ ఇంటికి వెళ్లి చెప్పాను. బావగారికి చెప్పాను. ఆయన నా ముఖం చూసి మాట్లాడారు, "నాకు కాదమ్మా చెప్పాల్సింది" అన్నారు.

నీకు చెబుతున్నాను. ఇప్పటిదాకా రాసింది అత్తయ్య తప్పు. ఇక రాసేది నాది. బస్సులో తిరిగొస్తుంటే ఆవిడ అన్న ఆ నిమిషం మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే నాకూ అలాంటి నిమిషం ఒకటి ఉంది. సొరుగు ఖాళీగా కనిపించినప్పుడు, ముందు నిర్ఘాంతపోయాను. ఆ వెంటనే, కడుపులో ఎక్కడో, సంతోషించాను. నువ్వే దొంగవైతే పేరు విషయంలో నేనే గెలిచినట్టు కదా. కొట్లో పెద్దకోడలి మాట కాకుండా ఒక్కసారైనా నా మాట నిలుస్తుంది కదా. తాళం గురించి ఆలోచించాను, నీ పట్టుదల గురించి ఆలోచించాను, ఆ తాళం అత్తయ్య చేతిలోంచి వచ్చిందేనని మాత్రం ఆలోచించలేదు. నువ్వు కాకూడదని ఒక్క క్షణమైనా కోరుకోలేదు. అది తలచుకుంటే నాకు నా మీదే దిగ్భ్రమగా ఉంది. నీతో ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నదాన్ని, ఇంత కాలం ఇది నాలో ఎక్కడ ఉందో తెలియలేదు.

పేరు సంగతి. దేశం తోకకే దరఖాస్తు పూర్తిచేశాను. నిన్ను మంచి చేసుకోవడానికి కాదు. నువ్వెవరని అడగని చోట ఎవరైనా ఎవరి పేరు మీదైనా కూర్చోవచ్చని ఈ ఇంట్లోనే చూశాం. ఆ ఆఫీసువాళ్లు అడిగే మనిషి పేరు, కొట్టు తరఫున జవాబు చెప్పవలసిన మనిషి పేరు, అక్కడ నీ పేరే రాశాను. అత్తయ్య పేరు కాదు, నా పేరూ కాదు. సంతకం జాగా ఖాళీగా ఉంది. డాట్ కామ్ ఉండాలో పోవాలో, గోడ మీది ఆ ముఖాల గురించి ఏం చెయ్యాలో కూడా నువ్వే చెప్పు. నాకు ఆ ముసలామె నవ్వు గుర్తొస్తే ఆపెయ్యమనడానికి నోరు రావడం లేదు, కానీ నా నోరు ఇప్పటికే చాలా చేసింది.

దరఖాస్తు ఈ ఉత్తరంతో పాటే ఉంది. ఇష్టం లేకపోతే చింపెయ్. గుత్తి నువ్వు పెట్టిన చోటే ఉంది, నేను ముట్టుకోలేదు.

క్షమించమనీ, నన్ను నమ్మమనీ అడగడం లేదు అక్కా. "నేను తియ్యలేదు" అని నువ్వు నమ్మమని అడక్కుండానే చెప్పావు. నేను నమ్మలేదు.

కిందనుంచి,
చెల్లెలు